నా నడుములో బూరె

అబద్ధాలంటే నాకు మంట. కూలీల మీటింగుల్లో మైకు లేకుండానే అరుస్తాను. అయితే ఇనప బీరువా మోయమంటే మాత్రం నిజం కాస్త వంగుతుంది.

మా బావమరిది విక్టర్ ఆమదాలవలసలో మేడమీద వాటాలోకి మారుతున్నాడు. "బావా, బీరువాకి ఓ చెయ్యేద్దువు రా" అని పొద్దున్నే దిగాడు.

"నడుంలో నరం నొక్కుకుపోయిందిరా. మొన్నే స్కాను తీయించాను. ఒసే ఎలీసమ్మా, పరుపు కింద ఫిల్ముంది, తే!"

"నీకేటీ లేదు, ఎల్లు" అని డాక్టరు తోలేశాడన్న సంగతి నాకొక్కడికే తెలుసు. ఫిల్ము చూసి విక్టరుగాడికేం తెలుస్తుంది?

మా ఆవిడ తెచ్చిచ్చింది. కిటికీ వెలుగుకి పట్టాను. నిజంగానే ఒకచోట ఏదో పొంగి ఉంది! డాక్టరు గుడ్డోడన్నమాట. నాకు ఉపన్యాసం ఊపొచ్చేసింది.

"సూడు విక్టరూ, ఈ ఎముకలు ఇడ్లీ రేకుల్లాగ ఒకదానిమీదొకటి. మద్దెనున్నవి బూరెలు. ఇదిగో, ఈ బూరె నలిగి పూర్ణం బయటికొచ్చేసింది. ఈ తెల్లగీత నరాలెల్లే దారి. నీళ్ల పైపు మీద గేదె కాలేసినట్టు నొక్కేసింది!"

"ఓలమ్మో!" అన్నాడు విక్టర్.

"ఆ గేది ఎవరో?" అంది మా ఆవిడ.

"నోర్మూసుకోవే, ఇది సైన్సు."

"సరే. ఇలాటి నడుమున్నోళ్లు ఏటి సేయకూడదు?"

"బిందె ఎత్తకూడదు! వంగి తుడవకూడదు! అంట్లు తోమకూడదు! కూసోబెట్టి అన్నం పెట్టాలి! ఇది దయ కాదు, హక్కు! కాదన్నోడు దోపిడీదారు!" బల్ల గుద్దాను.

"ఇన్నావు కదరా తమ్ముడూ? ఆ పైమూలన పేరు సదువు."

విక్టర్ కళ్లు చిట్లించాడు. "ఎలీసమ్మ... ఆడ..."

ఫిల్ము దగ్గరికి లాక్కుని చూశాను, మా ఆవిడ పేరే.

"నిరుడు కాలు లాగేస్తోందంటే, గేసు, వాము నవులు అన్నాడు మీ బావ. నానొక్కదాన్నే బస్సెక్కి ఎల్లి తీయించుకున్నాను."

"మరి నాదేదే?" అన్నాను, గొంతు తగ్గించి.

"నీ బూరెలు బాగున్నాయని డాక్టరు రాసిన కాయితంతో సహా అటక మీదుంది. సూసే ఇచ్చాను ఇది."

విక్టర్ నన్ను మేడమెట్ల దాకా లాక్కుపోయాడు. బీరువా బరువువైపు నాకు అప్పజెప్పాడు.

సాయంత్రానికి ఎలీసమ్మ మంచమ్మీద కాళ్లు చాపుకుని కూచుంది. నేను పెరట్లో అంట్ల ముందు గొంతుక్కూచున్నాను.

బూరె ఆవిడది. రేకులు తోమేది నేను.