మీసాల చేపలు చెప్పిన వాన

ఓబుళేశుకు నడుం నొప్పి ఉన్న మాట నిజమే. కానీ అది మిరపకాయల గోతాం కంటపడినప్పుడే వచ్చేది. పత్తికొండ టమోటా మండీలో గుమాస్తాగా "ఎత్తండప్పా, జాగర్తగా ఎత్తండి" అని పదిమంది చేత పెట్టెలు మోయించే మనిషి, మండీ ముగించుకుని ఇంటికొస్తే నీళ్ల చెంబును కూడా రెండు చేతులతో పట్టుకునేవాడు.

ఏడాదికి సరిపడా కారం కోసం భార్య మధులత రెండు గోతాల మిరపకాయలు తెప్పించింది. అవి గలగలమనేలా ఎండకపోతే బూజు పడతాయి. బూజు పడితే ఆ ఏడాదంతా కూరలు చప్పగా తినాలి. వాటిని మిద్దె ఎక్కించే పని మొగుడిది.

"ఏమయ్యా, గోతాం ఎత్తుకో. ఎండ బాగుండాది."

"తొందరపడాకు. చేపలనడిగొస్తా."

చేపలంటే ముందుగదిలో అద్దాల తొట్టిలో ఉన్న మీసాల చేపలు. కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని వీధిలో, కనీసం చూసుకోవడానికైనా కొన్ని నీళ్లుండాలని ఓబుళేశు వాటిని కర్నూలు నుంచి తెచ్చాడు. పెద్దమీసం, చిన్నమీసం, లేమీసం అని పేర్లు పెట్టాడు. అవి మాత్రం పెళ్లింట్లో రెండో బంతికి కాచుకున్న పెద్దమనుషుల్లా, తొట్టి అడుగున ఇసుకకు పొట్ట ఆనించి కదలక మెదలక పడి ఉండేవి.

ఒక సాయంత్రం అవి ఉన్నట్టుండి అద్దం వెంబడి పైకీ కిందికీ పరుగులు పెట్టాయి. కాసేపటికే జోరున వాన కురిసింది. గాలి ఒత్తిడి మారితే అడుగున తిరిగే ఈ చేపలకు ముందే తెలుస్తుందని, వాటిని అమ్మినవాడు చెప్పనే చెప్పాడు. ఆనాటి నుంచి ఓబుళేశు ఆకాశం వైపు చూడటం మానేశాడు.

ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు గానీ, అది ఎవరికీ చెప్పలేదు. తొట్టిలో కాసిని చల్లటి నీళ్లు పోసినా చాలు, వానే పడిందనుకుని అవి అలాగే ఎగురుతాయి.

ఇప్పుడూ ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుని, చప్పుడు కాకుండా మూసుకుంది.

"రామ్మే, బిర్న రా! పెద్దమీసం ఎట్ల ఎగురుతాండాదో చూడు! ఈ పొద్దు వాన తప్పదు."

మధులత తొట్టి వైపు చూసింది. కిటికీలోంచి నిప్పులు చెరిగే ఎండ వైపు చూసింది. మొగుడి చొక్కా చేతి మీద తడి వైపు కూడా చూసింది.

"నిజమేనయ్యా, ఎగురుతాండాయి," అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. కాళ్లు చాపుకుని కూర్చున్నాడో లేదో, పక్కింటి గోడ దగ్గరి నుంచి ఆమె గొంతు ఖంగుమంది.

"భీమక్కా! వానొస్తాదంట! మా చేపలు చెప్పినాయి!"

ఆ వీధికొక కట్టుబాటు ఉంది. వాన వస్తుందంటే, మిద్దె మీద ఏమీ లేనివాళ్లు పోయి ఎండబెట్టుకున్నవాళ్ల సరుకు దించాలి. పోనివాడి ఇంటి గడపను మంచికీ చెడుకూ ఎవరూ తొక్కరు.

"ఓబుళేశప్పా! మీ మిద్దె ఖాళీనే గదా, రాప్పా!" భీమక్క కేక వేసింది.

"నడుమక్కా..."

"నడుం సంగతి మళ్లా చూద్దాం. శెనక్కాయలు తడిస్తే మొలకలొస్తాయి!"

భీమక్క శెనక్కాయలు దించాడు. ఎదురింటి రామసుబ్బమ్మ చింతపండు దించాడు. మూలింటి జీవమ్మ మిరపకాయలు దించుతూ తుమ్మి తుమ్మి మెట్ల మీద కూలబడ్డాడు. మబ్బు మాట దేవుడెరుగు, ఆకాశంలో కాకి కూడా లేదు.

"యాడప్పా వాన?" అంది జీవమ్మ.

"దోవలో ఉండాదమ్మా."

"ఆదోని బస్సెక్కి వస్తాందా?"

పొద్దు నడినెత్తికొచ్చింది గానీ చినుకు పడలేదు. దించినవాడే ఎక్కించాలి కదా, ఎక్కించాడు.

మరునాడు ఓబుళేశు చేపల ఊసే ఎత్తలేదు. ఖాళీ మిద్దె ఎంత ప్రమాదమో ఒళ్లంతా తెలిసింది.

"మధూ, గోతాలు యాడుండాయి?"

"నడుం నొప్పి తగ్గిందా?"

"నడుందేముండాది లేమ్మే! మంచి ఎండ పోతాండాది."

మిరపకాయలు మిద్దెకెక్కాయి. ఎండ దంచి కొట్టింది. కొన్నాళ్లకు కాయలు చేత్తో కదిపితే గలగలమన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచిన ఓబుళేశు తొట్టి వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. చేపలు పరుగులు పెడుతున్నాయి. తానేమో ఫ్రిజ్ వైపు పోనే లేదు!

"ఓయమ్మో! ఇది అసలు వాన! భీమక్కా, రండక్కా!"

"పోయినసారి వానకు తడిసిన గుడ్డలే ఇంకా ఆరలేదు, పోప్పా!" గోడ అవతల నుంచి నవ్వులు వినిపించాయి.

ఏడాది కారం కళ్ల ముందు కొట్టుకుపోతున్నట్టే ఉంది అతనికి. ఒక్కడే మిద్దెకెక్కాడు, కాయలన్నీ గోతాలకెత్తాడు, భుజాన వేసుకుని దిగాడు, మళ్లీ ఎక్కాడు. కింద వసారాలో మధులత చాప పరిచి, చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఈడ కుమ్మరించు. ఇంకొంచెం నీడకు."

కుమ్మరించి, రొప్పుతూ ఆకాశం వైపు చూశాడు. అద్దంలా మెరుస్తోంది.

"వాన ఇంగా రాలేదేమే?"

"వానతో పనేముండాది? తొడిమలు తీసేకి కాయలు దిగినాయి గదా."

ఓబుళేశు పోయి ఫ్రిజ్ తెరిచాడు. చల్లనీళ్ల సీసా ఖాళీగా ఉంది.

"నువ్వేనా?"

"దించయ్యా అని నేను చెప్తే నీకు వినపడదు. చేపలు చెప్తే గోతాలు చంకన పెట్టుకోని దిగొస్తావు."

"నీకెట్ల తెలిసింది?"

"ఎండాకాలంలో గూడా గొంతు పట్టుకుంటాదని కాచిన నీళ్లు తాగే మనిషివి. ఆ పొద్దు సగం సీసా యాడికి పోయింది?"

అతను నోరు తెరిచేలోగా గోడ మీదుగా భీమక్క తల కనబడింది.

"ఓబుళేశప్పా, మా శెనక్కాయలు గూడా ఎండినాయి. దించేవాళ్లు లేరు. మీ చేపలు ఏమన్నా చెప్పినాయా?"

ఓబుళేశు కంటే ముందు మధులతే జవాబు చెప్పింది.

"ఇప్పుడే చెప్పినాయక్కా. పంపిస్తాండా!"