ఇద్దరు కూర్చునే చోటు

ఆ బుధవారం ఉదయం కోదండరామ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు ఆదిమూలం మేస్త్రి వచ్చి ఇంటి ముందు మొదటి స్తంభం నాటుతాడు. తొమ్మిదికి కోదండరామ తిరుత్తణి బజారులో తన చీరల కొట్టు తెరుస్తాడు. పది రోజుల్లో గాలికి కూర్చునే చక్కని చోటు తయారవుతుంది. పదకొండో రోజు భార్య రాజామణి పుట్టింటి నుంచి వచ్చి, చూసి, నోరు తెరుస్తుంది. తిట్టడానికి కాదు, ఆశ్చర్యంతో. ఇందులో తప్పు జరగడానికి సందెక్కడుంది?

ఉంది. మనవాడి పథకాల్లో అన్నిటికన్నా విశాలంగా ఉండేది ఆ సందే.

ఇంటి ముందు ఒకప్పుడు మగ్గాల కొట్టం ఉండేది. మగ్గాలు పోయాయి, కొట్టం కూలింది, ఖాళీ స్థలం మిగిలింది. అక్కడ సాయంత్రంపూట కూర్చోవడానికి ఏదైనా కట్టించమని రాజామణి రెండేళ్లుగా అడుగుతోంది. పోయిన వారం మళ్లీ అడిగితే కోదండరామ పేపర్లోంచి తలెత్తకుండా "ఇంట్లో ఉండే కుర్చీలు చాలవా?" అన్నాడు. "అయితే అన్నిట్లోనూ మీరే కూర్చోండి" అని ఆమె సంచి సర్దుకుని తిరువాలంగాడులో అన్న ఇంటికి వెళ్లిపోయింది. ఇంట్లో కుర్చీలు ఎనిమిది. రెండు రోజుల్లో అతను ఎనిమిదింటిలోనూ కూర్చుని చూశాడు. ఒక్కదాంట్లోనూ అయిదు నిమిషాలు నిలవలేకపోయాడు.

ఫోన్ చేసి 'రా' అంటే సరిపోయేది. కానీ ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ మాట ముందుగా తాను అన్న పాపాన పోలేదు. అందుకని బస్సెక్కి తిరువళ్లూరు వెళ్లి జెనిఫర్‌ని పట్టుకున్నాడు. ఇళ్ల ముందు, పెరళ్లలో కూర్చునే చోట్లకు నమూనాలు గీసి కట్టించడం ఆమె పని. "ఆ ఇంటివాళ్లకి ఏం కావాలో తెలియకుండా నేను ఒక గీత కూడా గీయను సార్" అంటూ రెండు పేజీల ఫారం చేతిలో పెట్టింది. కోదండరామ ఒక మధ్యాహ్నమంతా బేరాలు పక్కన పెట్టి దాన్ని నింపాడు. ఏం రాశాడో ఎవరికీ చూపించలేదు.

ఇక ఆదిమూలం సంగతి. ఆయన మేస్త్రి పని లేనప్పుడు పెళ్లి పందిళ్లు వేస్తాడు, పందిళ్లు లేనప్పుడు మేస్త్రి పని చేస్తాడు. రెండింటికీ పూజ మాత్రం ఒక్కటే. మొదటి స్తంభం ఈశాన్యంలోనే నిలబెట్టాలి. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు చుట్టి, నవధాన్యాలు పసుపు గుడ్డలో మూటగట్టాలి. అదీ క్యాలెండరులో ముహూర్తం ఉన్న రోజే. తమిళ క్యాలెండరు ఆవణి నెలలో ఆ బుధవారం ముహూర్తం దివ్యంగా ఉంది.

పూజ అయ్యాక కోదండరామ స్తంభం చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇది పెళ్లి పందిలికి ముందుగా నాటే పందకాలు మాదిరి ఉండాదే ఆదిమూలం?"

"కాలంటే కాలే సామీ. ముందర పెళ్లి జరగతాదా, మనిషి కూర్చుంటాడా, దానికేం తెలుసు?"

"సరే సరే. పది దినాల్లో అంతా అయిపోవల్ల. మా ఇంటామె వచ్చేలోపల ముగించేయల్ల. ఎవురికీ చెప్పొద్దు. ముఖ్యంగా ఆమెకు తెలియనే కూడదు."

ఎదురింటి చెంగమ్మ అప్పుడే ముగ్గు గిన్నెతో బయటికి వచ్చింది. రాజామణికి ఆమె ప్రాణస్నేహితురాలు. కోదండరామ అన్న ప్రతి మాటా ఆమెకు స్పష్టంగా వినిపించింది. ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆమె స్తంభాన్ని చూసింది. ఆ వీధిలో అలాంటి కాలు నాటితే పెళ్లి జరగాల్సిందే. ఆ ఇంట్లో పెళ్లి కావలసిన వాళ్లెవరు? ఒక్కగానొక్క కొడుకు శ్రీకర్‌కు పెళ్లయి, కోయంబత్తూరులో బిడ్డ కూడా పుట్టింది. ఇంకెవరున్నారు? చెంగమ్మ లెక్క ఎటు తిప్పినా ఆ ఇంట్లో మిగిలిన మగమనిషి ఒక్కడే. ముగ్గు సగంలో ఆగిపోయింది.

ఎనిమిదిన్నరకు జెనిఫర్ స్కూటర్ మీద వచ్చి టేపుతో కొలతలు తీయసాగింది. చెంగమ్మ గేటు పక్క కొళాయి దగ్గర బిందె పెట్టి, కొళాయి తిప్పడం మరిచిపోయింది.

"బెంచీ ఎంతమందికి సార్? నలుగురికి చేసేద్దామా?"

"వద్దు వద్దు. ఇద్దరికి చాలు. మూడో మనిషి వస్తే నిమ్మళం ఉండదు."

చెంగమ్మ ఖాళీ బిందెతో ఇంట్లోకి పరుగెత్తింది. స్నేహితురాలి కాపురం కూలిపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. అలాగని పరాయి ఇంటి గుట్టు నోటితో చెప్పే మనిషీ కాదు. కాబట్టి పందకాలు ఫొటో తీసి, కింద ఏమీ రాయకుండా, రాజామణి అన్న గోవిందస్వామికి పంపింది. ఆ తర్వాత మనసు తేలికపడటానికి వీధిలో ఇంకో పదకొండు మందికి పంపింది.

గురువారం పని చురుగ్గా సాగింది. మూలల్లో పచ్చగా ఉండాలని జెనిఫర్ నిలువెత్తు అరటి చెట్లు రెండు కుండీల్లో తెప్పించింది. లోపల సిమెంటు తడి ఆరలేదు కనుక వాటిని గేటుకు అటొకటి, ఇటొకటి దించింది. పైన వేలాడదీసే సీరియల్ లైట్లు వెలుగుతాయో లేదో చూడటానికి గోడ పొడుగునా పరిచి స్విచ్ వేసింది. వీధి చివర నుంచి చూసిన వాళ్లకు పెళ్లిలో లోటల్లా నాదస్వరం ఒక్కటే.

కోదండరామకు మాత్రం ఆ రోజు కొట్లో కాలు నిలవలేదు. చీరలు విప్పుతాడు, మడవడం మరిచిపోతాడు. గంటకోసారి ఫోన్ చూస్తాడు. తిరువాలంగాడు నుంచి పలుకూ లేదు, ఉలుకూ లేదు. పైగా బజారులో మనుషులు తన వంక ఒక రకంగా చూస్తున్నారు. రోజూ నవ్వే కాఫీ కొట్టు ఆయన ఇవాళ నవ్వలేదు. రోజూ పలకరించని బ్యాంకు ప్యూను మాత్రం భుజం తట్టి "ధైర్యం ఉండాది సార్ మీకు" అని వెళ్లిపోయాడు. కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, నాలుగింటికే కొట్టు మూసి ఇంటికి వచ్చాడు.

గేటు దగ్గర పూల కొట్టు గుణ రెండు గులాబీ మాలలతో నిలబడి ఉన్నాడు.

"మామా, మాదిరికి తెచ్చినా. ఇట్ల చాలునా, ఇంకా లావుగా కట్టల్లా?"

"ఎందుకురా?"

"ఏంది మామా, నా దగ్గిర కూడానా? వీధంతా తెలుసు. పెండ్లికూతురికి ఎర్రది ఇష్టమా, తెల్లదా?"

అప్పుడు కోదండరామ పందకాలు చూశాడు. అరటి చెట్లు చూశాడు. మిణుకు మిణుకుమంటున్న గోడను చూశాడు. కొలతలు తీస్తున్న జెనిఫర్‌ని చూశాడు. నిన్నటి నుంచి తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రాజామణికి ఈ సంగతి చేరితే ఆమె పదకొండో రోజున కాదు కదా, పదకొండో ఏటికి కూడా రాదు. అతను ఒక్క ఉరుకున వెళ్లి స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

"అయ్యో అయ్యో! పీకతా ఉండాడు!" చెంగమ్మ కేక వీధి మలుపు దాకా వినిపించింది. క్షణంలో ఇరవై మంది చేరారు. పెళ్లి తప్పో ఒప్పో తర్వాత తేల్చుకోవచ్చు, నాటిన పందకాలు పెళ్లి జరగకుండా పీకితే ఇంటికి అరిష్టమని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఆదిమూలం స్తంభానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను నాటిన కాలు ఇంతవరకు పెళ్లి కాకుండా లేచింది లేదు సామీ. నా పేరు పోతాది."

"ఇది పందకాలు కాదు! బెంచీ పైన వచ్చే పందిలికి!"

"బెంచీకి నవధాన్యాలు ఎవురైనా కడతారా?" అంది చెంగమ్మ.

"ఈయన కట్టినాడు!"

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో ఆటో ఆగింది. ముందు గోవిందస్వామి దిగాడు. వెనకాల, సంచి చంకలో పెట్టుకుని, రాజామణి దిగింది. జనం రెండుగా చీలి దారిచ్చారు. ఆమె అరటి చెట్ల మధ్యనుంచి నడిచివచ్చి స్తంభం ముందు నిలబడింది.

"ఏం బావా," అన్నాడు గోవిందస్వామి, "చెల్లెలు వారం దినాలు మా ఇంట్లో ఉంటే, నువ్వీడ పందకాలు నాటేసినావా?"

కోదండరామ నోరు తెరిచాడు. చెప్పాల్సింది ఒక్క మాటే. అది గొంతు దాకా వచ్చి, ముప్పై రెండేళ్లుగా ఆగుతున్న చోటే ఆగింది.

జెనిఫర్ ఫైలుతో ఇవతలికి వచ్చింది. "మేడమ్ వచ్చేసినారా? అయ్యో సార్, సర్‌ప్రైజ్ అంతా పోయిందే!"

"ఇదో, ఈ అమ్మాయే!" అంది చెంగమ్మ.

"నేనేంది అక్కా?" జెనిఫర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టిగా నవ్వేసింది. "మా ఆయన ఆరోగ్యస్వామి చెట్లు తెచ్చిన ఆ వ్యాన్‌లోనే కూర్చోనుండాడు. పిలిచేదా? మేడమ్, ఇదంతా మీ కోసరమే. నమ్మకపోతే సార్ రాసిన ఫారం చూడండి."

"చదువు," అంది రాజామణి. అది ఆమె అన్న మొదటి మాట.

"వద్దమ్మా" అన్నాడు కోదండరామ. ఎవరూ వినలేదు. జెనిఫర్ చదివింది.

"ఈ చోటు ఎవరి కోసం? రాజామణి కోసం. ఏ వేళ వాడతారు? సాయంత్రం అయిదున్నరకు, ఆమె వంటింట్లోంచి వచ్చి గడప మీద కూర్చునే వేళ. బెంచీ ఎత్తు? తక్కువగా ఉండాలి, కాళ్లకు స్టూలు కావాలి. ఆమెకు ఎడమ మోకాలు నొప్పి. నాకు చెప్పదు, మెట్లు దిగేటప్పుడు చూశాను. వెనక ఆనుకునేది కావాలా? కావాలి. ఇన్నేళ్లూ గోడకే ఆనుకుంది." జెనిఫర్ గొంతు కొంచెం తగ్గింది. "ఆఖరి ప్రశ్న. మీకు ఏం కావాలి? ఆమె వస్తే చాలు."

వీధిలో ఎవరూ కదల్లేదు. గోవిందస్వామి తువ్వాలు తీసి, చెమట పట్టని ముఖం తుడుచుకున్నాడు. రాజామణి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

"ఇదంతా కాగితానికి చెప్పినారే. నాకు చెప్పేదానికి ఏం?"

"నువ్వు ఫారం ఇయ్యలేదు కదా" అన్నాడు కోదండరామ నేల చూస్తూ.

రాజామణి నవ్వింది. ఆ నవ్వుతో వీధికంతా ఊపిరాడింది. ఒక్క చెంగమ్మకే ఇంకా తీరలేదు. "అంతా సరే అక్కా. మరి ఈ పందకాలు? పెళ్లి కాకుండా నిలబడకూడదే."

"చేసేద్దాం," అంది రాజామణి. "పెండ్లికొడుకు పాతాయనే. గుణా, ఆ మాలలు ఇట్లియ్యి."

"అరవయ్యో ఏట షష్టిపూర్తి పెళ్లికి ఇంకా మూడేండ్లు ఉండాయి కదక్కా?" అంది చెంగమ్మ.

"ఈయన ఏ మాటా ముందుగా చెప్పి ఎరగడు. పెళ్లన్నా ముందుగా చేసుకోనీ."

అలా ఒంటి స్తంభం కింద, సీరియల్ లైట్ల వెలుగులో, కోదండరామ తన భార్యనే రెండోసారి పెళ్లి చేసుకున్నాడు. చెంగమ్మ అందరికన్నా ఎక్కువగా అక్షతలు వేసింది. ఫొటోలు కూడా ఆమే తీసింది.

అనుకున్న నాటికి పని పూర్తయింది. తక్కువ ఎత్తు బెంచీ, వెనక ఆనుకునేది, కాళ్లకు స్టూలు, పైన మల్లె తీగ పాకడానికి పందిలి. ఆ సాయంత్రం కోదండరామ కొట్టు పెందలాడే మూసి, వేడి వేడి మసాలా వడలు పొట్లం కట్టించుకుని, దారిపొడుగునా ఏం మాట్లాడాలో మననం చేసుకుంటూ, సరిగ్గా అయిదున్నరకు గేటు తీశాడు.

బెంచీ మీద రాజామణి వెనక్కి ఆనుకుని, స్టూలు మీద కాళ్లు చాపుకుని ఉంది. పక్కన చెంగమ్మ ఉంది. మూడిళ్ల అవతల కొత్తగా తవ్విన గుంత ఎందుకై ఉంటుందా అని ఇద్దరూ తలలు దగ్గర పెట్టి తర్కిస్తున్నారు. కోదండరామ వచ్చి నిలబడ్డాడు. దగ్గాడు. పసుపు ఇంకా వదలని స్తంభానికి ఆనుకుని, ఒక కాలి మీద బరువు వేసి, తర్వాత రెండో కాలి మీద వేసి చూశాడు. చెంగమ్మ వడల పొట్లం అందుకుని, మళ్లీ గుంత మాటల్లో పడిపోయింది.

"నేను యాడ కూర్చునేది?" అని అడిగాడు చివరికి.

రాజామణి తల ఎత్తలేదు. "ఇంట్లో ఉండే కుర్చీలు చాలవా?"

చాలుతాయి. ఎనిమిది ఉన్నాయి, ఎనిమిదీ ఖాళీయే.