ట్రయల్‌కి తెచ్చుకున్న మడత లాప్‌టాప్

శనివారం పొద్దున్న మరేతా వేసుకున్న పథకం చాలా చిన్నది. మావయ్య లఫాయిని చర్చి హాలు దగ్గర దింపాలి. వెంటనే ఇంటికి వచ్చేసి, వసారాలో చాప పరుచుకుని, చిన్ననాటి స్నేహితుడు పెటెలో దుకాణం నుంచి వాడి చూడడానికి తెచ్చుకున్న కొత్త లాప్‌టాప్ తెరవాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి అది తనకు పనికొస్తుందో లేదో తేల్చేయాలి.

ఆ చిన్న పథకం వెనక మూడు వారాల తర్జనభర్జన ఉంది. మరేతా ఉద్యోగం వ్యవసాయ శాఖలో. రోజూ చేమ తోటలూ కోకో తోటలూ తిరిగి, ఏ మొక్కకి ఏ తెగులు పట్టిందో రాసుకోవాలి. ఆమె పాత లాప్‌టాప్‌కి మూడు మీటలు ఊడిపోయాయి, మూత రబ్బరు బ్యాండు దయ మీద నిలబడుతోంది. డైరెక్టరు గారు చివరికి మెత్తబడి, “సరే, మంచిదే కొందాం. కానీ ఇంత ఖరీదైన దాన్ని బొమ్మ చూసి కొననమ్మా. రెండు రోజులు వాడి చూడు. మంగళవారం కాయితం రాసివ్వు. ఆలస్యమైతే ఇంక వచ్చే ఏడాదే” అన్నారు.

దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదానికి కీబోర్డు విడిగా ఊడొస్తుంది. ఆ సగాన్ని ఏ తోటలోనో మర్చిపోయి వస్తానని మరేతాకి తన గురించి తనకే తెలుసు. రెండోదానికి తెర పూర్తిగా వెనక్కి తిరిగి పలకలాగా అయిపోతుంది, దాని మీద పెన్నుతో రాసుకోవచ్చు. బరువు ఒక మోస్తరు సీమపనస కాయంత. ఇక తేలవలసినవి మూడే: ఎండలో తెర కనబడుతుందా, ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తో మోయగలదా, చార్జింగు సాయంత్రం దాకా ఆగుతుందా.

“చూపించడానికి కంపెనీ వాళ్ళు ఇచ్చింది ఇదొక్కటే,” అన్నాడు పెటెలో. ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. “నువ్వు కాబట్టి ఇస్తున్నా. మంగళవారం పదింటికి వాళ్ళు తనిఖీకొస్తారు. ఆ టయానికి ఇది బల్ల మీద లేదో, నా ఏజెన్సీ గోవిందా. గీత పడినా ఊరుకోను.”

“నా ప్రాణంలా చూసుకుంటా,” అని మరేతా దాన్ని పెట్టెతో సహా దుప్పట్లో చుట్టి కారు ముందు సీట్లో పెట్టుకుంది. సీటు బెల్టు కూడా పెట్టింది.

చర్చి హాలుకి కొత్త కప్పు వేశారు. ఆ వేడుకకి సవాయి దీవి నుంచి ఎలియా అనే పెద్దాయన ప్రార్థన చేయడానికి వచ్చాడు. ఊళ్ళో ప్రతి కుటుంబమూ కానుకలు తెచ్చింది. మరేతా మావయ్య లఫాయి తమ కుటుంబం తరఫున వక్త. వచ్చిన కానుకలను మైదానంలో నిలబడి, ఇచ్చినవాళ్ళ పేరుతో సహా ఊరందరికీ వినబడేలా చాటడం ఆయన పని. ఒకసారి చాటాడంటే ఆ వస్తువు ఇచ్చేసినట్టే, దేవుడు దిగొచ్చినా వెనక్కి రాదు. లఫాయికి ఈ పనంటే భోజనం కన్నా ఇష్టం. గొంతు కూడా అలాంటిదే, ఆయన గుసగుసలాడినా పక్క వీధిలో తలలు తిరుగుతాయి.

“కార్లో ఉన్నవన్నీ దింపండర్రా!” అన్నాడాయన కారు దిగుతూనే. కుర్రకారు అన్నీ దింపేశారు. దింపి వెళ్ళిపోదామనుకున్న మరేతాను ఆడవాళ్ళు అప్పటికే వంటల దగ్గరికి లాక్కుపోయారు. ఆమె పొయ్యి రాళ్ళ మీది నుంచి కొబ్బరిపాలు పోసిన చేమాకు పొట్లాలు తీస్తోంది. వేడికి వేళ్ళు చురుక్కుమంటూ ఉండగా మావయ్య గొంతు వినిపించింది.

“పన్నెండు పెట్టెల చేప డబ్బాలు! రెండు పీపాల ఉప్పు మాంసం! ఒక మేలిరకం చాప, మా అమ్మమ్మ చేతి నేత!” ఇక్కడ గొంతు ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెట్టింపు బలంతో లేచింది. “ఒక కంప్యూటరు! అల్లాటప్పాది కాదు! ఇలా తెరిస్తే పుస్తకం, అలా తిప్పితే పలక! మా మేనకోడలు మరేతా మన పాస్టరు గారికి ఇచ్చుకుంటోంది!”

“మాలో! మాలో!” అని జనం మెచ్చుకుంటూ హోరెత్తారు.

మరేతా చేతిలో పొట్లం నేలపాలైంది. ఆమె పరుగెత్తుకుని వచ్చేసరికే పాస్టరు గారి భార్య ఎదురొచ్చి గట్టిగా వాటేసుకుంది. “రాసి రాసి ఆయన వేళ్ళు వంకర్లు పోయాయమ్మా! నువ్వు చల్లగా ఉండాలి తల్లీ!” అని కళ్ళు తుడుచుకుంది. ఊరంతా చూస్తుండగా అది నాది కాదని అంటే, మావయ్య నోరూ కుటుంబం పరువూ ఒకేసారి మట్టిలో కలుస్తాయి. మరేతా నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఎలా నిలబడిందో ఆమెకే తెలియదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎదురు వరుసలో కూర్చున్న సాము కుటుంబం వాళ్ళు పది పెట్టెల బిస్కెట్లు తెచ్చి, తమదే పైచేయి అనుకుంటున్నారు. కంప్యూటరు పేరు వినగానే వాళ్ళ వక్త లేచి, వచ్చే వారానికల్లా ప్రింటరు ఇస్తామని చాటాడు. వెనక నుంచి ఇంకొకరు పెద్ద బల్ల అన్నారు. మరొకరు చక్రాల కుర్చీ, ఫ్యానూ అన్నారు. గంట గడిచేసరికి పాస్టరు గారికి మాటల మీద ఒక ఆఫీసు తయారైంది. మొక్కుబడి బిస్కెట్లతో తేలిపోవలసిన కుటుంబాలన్నీ మరేతా వైపు కొరకొరా చూశాయి.

ఆమె మావయ్యను వంటపాక వెనక్కి లాక్కెళ్ళింది.

“మావయ్యా, అది నాది కాదు!”

“ఇప్పుడెలా నీదవుద్ది? పాస్టరు గారిది.”

“ముందు కూడా నాది కాదు! పెటెలోది! వాడి చూడమని ఇచ్చాడు. మంగళవారం ఇచ్చెయ్యాలి!”

లఫాయి కాసేపు గడ్డం గోక్కున్నాడు. “నా ముందు పెట్టింది నేను చాటుతా. ఇది ఎవరిది, ఎక్కడిది అని వాకబు చేసి చాటేవాణ్ణి వక్త అనరే పిల్లా, గుమస్తా అంటారు.”

భోజనాలయ్యాక పాస్టరు గారిని పక్కకి పిలిచి, కాళ్ళు పట్టుకునైనా నిజం చెప్పేయాలని మరేతా నిశ్చయించుకుంది. ఆ మాటలు మనసులో నాలుగుసార్లు వల్లెవేసుకుంది. కానీ భోజనాలు ముగియగానే పాస్టరు గారు లేచి, “ఇంత మంచి కానుక నా గుమ్మంలో ఆగిపోతే నాకు సిగ్గుచేటు. సముద్రం దాటొచ్చి మనకోసం ప్రార్థన చేసిన పెద్దాయనకే ఇది తగును” అని, లాప్‌టాప్ పెట్టెను రెండు చేతులా ఎలియా ఒళ్ళో పెట్టేశారు. ఆయన వెనక నిలబడి దాన్ని చాటింది ఎవరో చెప్పక్కర్లేదు. మేనకోడలు అటు నుంచి చేతులు అడ్డంగా ఊపుతుంటే, ప్రోత్సహిస్తోందనుకుని లఫాయి ఇంకా గొంతు పెంచాడు.

“మరి మేం ప్రింటరు దేనికి తగిలించాలి?” అని సాము కుటుంబం వాళ్ళు గట్టిగానే అడిగారు.

మరేతా, లఫాయి రేవు చేరేసరికి ఎలియా ఎక్కిన ఫెర్రీ కనుచూపు మేరలో తెల్లగా కనిపిస్తోంది. తర్వాతి ఫెర్రీ పట్టుకుని వాళ్ళు సవాయిలో దిగి, ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి చీకటి పడింది. అనుకోకుండా వచ్చిన అతిథుల్ని చూసి ఎలియా పొంగిపోయాడు. పందిపిల్లను కాల్పించాడు. అంత మర్యాద చేసినవాడితో ఇచ్చిన వస్తువు తిరిగిమ్మని ఎలా అంటారు? మరుసటి రోజు ఆదివారం. ఆదివారం ఆ ఊళ్ళో కోడి కూడా గట్టిగా కూయదు. రెండు పూటలా చర్చికి వెళ్ళి కూర్చున్నారు. లాప్‌టాప్‌ను తెర వెనక్కి మడిచి గుడారంలా బల్ల మీద నిలబెట్టి, ఎలియా దాని మీద పాటల పుస్తకం ఆనించుకున్నాడు. దాన్ని ఎవరూ ఆన్ చెయ్యలేదు.

“బలే ఉందమ్మా నువ్వు ఇచ్చింది,” అన్నాడాయన. “గాలికి పుస్తకం పడకుండా ఆపుతోంది.”

మరేతా ధైర్యం కూడదీసుకుంది. “పెద్దయ్యగారూ, ఆ కంప్యూటరు సంగతి...”

“బెంగపడకు తల్లీ, నా దగ్గర మూల పడెయ్యను. రేపు మా చెల్లెలి మనవడికి వాళ్ళ వంశానికి పెద్దగా పట్టం కడుతున్నారు. వాడికిస్తా. ఏదో వ్యాపారం చేస్తాడు, వాడికైతే పనికొస్తుంది. మీరూ వస్తున్నారుగా?”

రాక ఏం చేస్తారు? సోమవారం పొద్దున్నే మరేతా ఆఫీసుకి ఫోన్ చేసి కుటుంబ కార్యం అంది. ఆ మాట అన్నాక ఇంకేమీ అడగకూడదని డైరెక్టరు గారికి తెలుసు.

పట్టం కట్టే ఇంటి మధ్యలో, ఒంటికి కొబ్బరినూనె రాసుకుని, మెడలో ఎర్ర కాయల దండ వేసుకుని, నడుముకి మేలిచాప చుట్టుకుని కూర్చున్న కొత్త పెద్దను చూడగానే మరేతాకి నిలువునా చెమట పట్టింది. పెటెలో! ఎలియా తరఫు వక్త పెట్టెను ఎత్తిపట్టి చాటుతూ ఉంటే, పెటెలో చూపు మొదట పెట్టె మీద పడింది, తర్వాత జనంలో మరేతా మీద పడింది. అతని మొహంలో హుందాతనం అలాగే ఉంది, రంగు మాత్రం పోయింది.

సందు దొరకగానే ఇద్దరూ ఇంటి వెనక కలుసుకున్నారు.

“అడుగున మా దుకాణం నంబరుంది మరేతా! నా సరుకు నాకే కానుకా?”

“చేరిందిగా! ఎలాగైతేనేం, నీకిచ్చేసినట్టేగా?”

“నువ్వెక్కడిచ్చావ్? ఎలియా తాతయ్య ఇచ్చాడు! ఇది నాదేనని నేనంటే తాతయ్య పరువు పోతుంది, పాస్టరు గారి పరువు పోతుంది, మీ మావయ్య ఇంక జన్మలో నోరెత్తలేడు. కానుకే అని ఊరుకుంటే నా ట్రయల్ మిషను ఇంకా నీ దగ్గరే ఉన్నట్టు. ఏదీ, ఇవ్వు!”

“పోనీ రేపు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టుకో.”

“పట్టం కట్టారని నాకేమన్నా మిగులుతుందనుకున్నావా? ఇక్కడికి వచ్చినవన్నీ సాయంత్రం లోపు మా పెద్దమ్మ పంచేస్తుంది. ఇప్పటికే దాని మీద చెయ్యేసి కూర్చుంది. రేపు పదింటికి కంపెనీ వాళ్ళకి నేనేం చూపించను, ఈ దండా?” అన్నాడు పెటెలో. మరేతాకి ఏడుపొచ్చినంత పనయింది. మూడు తరాల కొట్టు అది. తను సరదాగా దుప్పట్లో చుట్టుకొచ్చింది, ఇప్పుడు అతని బతుకు మీదకొచ్చింది.

“ఇంతేనా?” అంది వెనక నుంచి ఒక గొంతు. గుసగుసగానే అంది, అయినా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. లఫాయి అప్పటికే వక్తలు పట్టుకునే చేతికర్ర ఎవరినో అడిగి పుచ్చుకున్నాడు. “కొత్త పెద్దని పొగిడిన వక్తకి ఉత్త చేతులు చూపించి పంపరు గదా. నే మాట్లాడతా. ఆనక ఏమివ్వాలో అబ్బాయి చూసుకుంటాడు.”

మైదానంలో మాట్లాడడానికి అప్పటికే ముగ్గురు వక్తలు నువ్వా నేనా అని వాదులాడుకుంటున్నారు. లఫాయి నాలుగోవాడుగా దిగి, అరగంటలో ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. తర్వాత గంటసేపు పెటెలో వంశాన్ని ఎత్తుకున్నాడు. పెటెలోకే తెలియని ముత్తాతలు బయటికొచ్చారు. పెద్దమ్మ కూడా పెట్టె మీది చెయ్యి తీసి కళ్ళు ఒత్తుకుంది. ఆ అదును చూసుకుని పెటెలో లేచి, పెట్టెను అందుకుని, ఊరంతా చూస్తుండగా లఫాయి చేతుల్లో పెట్టాడు.

సాయంత్రం ఫెర్రీలో మరేతా మూడు రోజుల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “ఇంక ఇటివ్వు మావయ్యా.”

లఫాయి పెట్టెను ఇంకా దగ్గరికి పొదుముకున్నాడు. “ఎందుకిస్తా? ఇది నా మాటకి దక్కింది. అందరూ చూశారు.”

“మావయ్యా!”

“నలబై ఏళ్ళుగా మాట్లాడుతున్నా. చాపలిచ్చారు, చేప డబ్బాలిచ్చారు. కంప్యూటరు ఇదే మొదలు. నీకు కావలిస్తే ఇంకోటి తెచ్చుకో.”

మరేతా అరిచింది, బతిమాలింది, అత్తకి చెబుతానని బెదిరించింది. లఫాయి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. అవతలి రేవు దీపాలు కనిపిస్తున్నాయి. ఆమె డెక్కు మీద చుట్టూ చూసింది. బెంచీల మీద, మూటల మీద, మెట్ల మీద రెండు వందల మంది దాకా జనం, చేసే పనేమీ లేక ఊరికే కూర్చుని ఉన్నారు.

“అయితే ఉంచుకో,” అంది నెమ్మదిగా. “పాపం, ఇంత మంది ఉన్నారు. చాటడానికి మాత్రం ఏమీ లేదు.”

లఫాయి తల తిప్పి జనాన్ని చూశాడు. కాసేపు అటూ ఇటూ కదిలాడు. గొంతు సవరించుకున్నాడు. చివరికి ఆగలేక లేచి నిలబడ్డాడు.

“అయ్యలారా, అమ్మలారా! ఒక కంప్యూటరు! అల్లాటప్పాది కాదు! ఇలా తెరిస్తే పుస్తకం, అలా తిప్పితే పలక! లఫాయి అనే నేను నా మేనకోడలు మరేతాకి ఇస్తున్నా!”

“మాలో!” అంది ఫెర్రీ మొత్తం. ఆ కేక ఇంకా గాల్లో ఉండగానే మరేతా పెట్టెను లాగేసుకుంది. లఫాయి కూర్చున్నాడు. తను ఏం చేశాడో అప్పుడు తట్టింది కాబోలు, ఖాళీ అయిన ఒడి వంక చూసుకున్నాడు.

మంగళవారం తొమ్మిదింటికి అది పెటెలో బల్ల మీద ఉంది. అతను తిరగేసి అడుగున నంబరు చూసుకున్నాడు, మూలలన్నీ తడిమాడు. గీత లేదు. బరువు దిగినట్టు కుర్చీలో కూలబడి, “ఇంతకీ ఎలా ఉంది? ఎండలో కనబడుతోందా? చార్జింగు ఎంతసేపు ఆగుతోంది?” అని అడిగాడు.

“ఇంకా తెరవలేదు,” అంది మరేతా.

పెటెలో ఆమెను జాలిగా చూశాడు. “కంపెనీ వాళ్ళు చూసి వెళ్ళిపోయాక, కావాలంటే ఇంకో రెండు రోజులు తీసుకెళ్ళి చూసుకో. డైరెక్టరు గారితో నే చెబుతాలే.”

మరేతా ఒద్దంది. దుకాణం తలుపుకి లోపల గడియ పెట్టించి, అక్కడే నిలబడి పావుగంట వాడి చూసుకుంది.