ఎరోల్ పడవ, మెర్ల్ కర్టెన్లు

ఆ రోజు ఎరోల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఉదయం జాకీలు పెట్టి అతని ఇంటిని పైకెత్తుతారు. సాయంత్రానికి మెర్ల్ కుట్టిన కర్టెన్లు వంటింటి కిటికీకి తగిలిస్తాడు. అంతే.

ఆస్ట్రేలియాలో నది ఒడ్డునున్న మా లిస్మోర్ ఊళ్లో, మా వీధివాళ్లందరికీ ఆ కర్టెన్ల సంగతి తెలుసు. పెద్ద వరదలో ఎరోల్ ఇంటి గోడలకు కొట్టిన జిప్సం అట్టలు నీళ్లు తాగి గంజిలా జారిపోయాయి. "ఈసారి గట్టి చెక్క పలకలు కొట్టించు. ఇల్లు స్తంభాల మీదికి ఎత్తించు. కిందంతా ఖాళీగా వదిలెయ్, నదిని దాని దారిన పోనీ," అంది అతని భార్య మెర్ల్. ఇల్లెత్తేవాళ్లు వచ్చేదాకా కారవాన్ బండిలో కాపురముంటూ కర్టెన్లు కుట్టింది. వాళ్లు వచ్చారు గానీ మెర్ల్ అందాకా ఉండలేదు. పోయిన చలికాలంలోనే కన్నుమూసింది.

కర్టెన్లకు దుమ్ము తగలకూడదని ఎరోల్ వరదలప్పుడు తీసే పడవను షెడ్డులోంచి బయటికి లాగి, వాటిని అందులో పెట్టాడు. పడవ తీస్తే తాడు వరండాకు కట్టడం అతని చేతులకు అలవాటు. కట్టేశాడు.

వరద కబురు విషయంలో మా వీధిలో రేడియోను ఎవరూ నమ్మరు, ఎరోల్ పడవనే నమ్ముతారు. ఎదురింటి గ్లెనిస్ దాన్ని చూసింది. ఆకాశంలో మబ్బు లేదు. అయినా ఫ్రిజ్‌ను మెట్లెక్కించడం మొదలుపెట్టింది. ఆమెను చూసి పక్కవాళ్లు పరుపులు మోశారు, కోళ్లను కారెక్కించారు.

ఇటు జాకీలు లేచాయి. ఇల్లు లేచింది. ఇంటితోపాటు పడవ ముక్కూ లేచింది. ఎరోల్ ఆపమని అరిచేసరికి పడవ నిలువునా వేలాడుతోంది, కర్టెన్లు స్తంభాలకు తవ్విన బురద గుంటలో ఉన్నాయి.

గ్లెనిస్ రొప్పుతూ వచ్చింది, వెనకే మేమంతా. "ఎంత ఎత్తొస్తుందంటావ్ అన్నా?"

"ఏది?"

"ఇంకేది, వరద. వీధంతా నడుములు విరగ్గొట్టుకుంటుంటే ఏది అంటావేంటి? పడవెందుకు తీశావు మరి?"

ఎరోల్ గుంట చూపించాడు. "మెర్ల్ కర్టెన్లు. అందులో పెడితే మాసిపోవనుకున్నా."

తిట్టడానికి వచ్చినవాళ్లెవరూ తిట్టలేదు. బురద కడగడం మా వీధికి ఒకరు నేర్పక్కర్లేదు. గ్లెనిస్ గుంటలోకి దిగింది, మిగతావాళ్లు నీళ్ల పైపులు తెచ్చారు. ఎండలో ఆరాక ఎరోల్ నిచ్చెనెక్కి ఇంట్లోకి వెళ్లి వాటిని తగిలించాడు. ఒక మూల మరక మాత్రం పోలేదు. "మెర్ల్ ఉంటే మళ్లీ ఉతికించేది," అంటూ కిటికీ దగ్గరే నిలబడి ఏడ్చాడు.

"అంత ఎత్తున మరక ఎవరికి కనబడుతుందిలే అన్నా," అంది గ్లెనిస్ కింది నుంచి.

నిజమే. ఇక ఆ కిటికీలోకి తొంగిచూడాలంటే నదే రావాలి.