బయోడేటాలో పై వరస

నూజివీడు మామిడికాయల వ్యాపారి బసవపున్నారావు గారి ఏకైక పుత్రిక, పద్దెనిమిదేళ్ళ హరిచందన, చాట్రాయి దారిలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ ఉద్యోగానికి సోమవారం ఇంటర్వ్యూకి హాజరు కానున్నందున, ఆ ఇంట్లో శుక్రవారం నుంచే వంట తప్ప మిగతా పనులన్నీ నిలిపివేయబడ్డాయి.

సన్నాహక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు నాన్నగారే, ఆయన జన్మలో ఇంటర్వ్యూ మొహం చూసి ఎరగరు. ముఖ్య సలహాదారు శ్రీధర్ బాబాయి. పదిహేడు ఇంటర్వ్యూలకి వెళ్ళి పదిహేడూ పోగొట్టుకున్నాడు. ఇంతటి అనుభవం ఊళ్ళో మరొకరికి లేదు. దిష్టి శాఖ నాయనమ్మ తులసమ్మ గారిది.

పిల్ల బెంగ మాత్రం వేరు. ఈ ఉద్యోగం రాకపోతే నాన్న కొట్లో కూర్చుని, పుల్లటి కాయ పట్టుకుని తేనె అని ఒట్లు వేయాలి. పాపం, దానికి అబద్ధమాడితే ఎక్కిళ్ళొస్తాయి.

"చూడమ్మా," అని అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. "బయోడేటా అన్నా మామిడికాయల ట్రే అన్నా ఒకటే. పెద్దకాయలు పై వరసలో పేర్చాలి. అడుగున ఏముందో ఎవడు చూడొచ్చాడు? మూడు తరాలుగా మనిల్లు నిలబడింది ఆ పై వరస మీదే!"

సభ్యులు చప్పట్లు కొట్టారు. పేర్పు మొదలైంది. కాలేజీలో ఒకసారి మైకు పట్టుకుంది కనుక నాయకత్వ పటిమ. కాలవలో జారిపడి బతికింది కనుక ఈత. కొరియా సీరియల్ ఏడుస్తూ చూసింది కనుక విదేశీ భాషా పరిజ్ఞానం. ఇంటర్ లెక్కలు రెండోసారికి గట్టెక్కిన సంగతిని చివరి పేజీ అడుగుకి తోసేశారు.

బాబాయి నవ్వడం నేర్పాడు. ఆ నవ్వు చూసి నాయనమ్మ జడుసుకుని ఉప్పు దిగదుడిచింది. జీతం అడిగితే నోటితో చెప్పకూడదని, మండీలో బేరంలాగే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెప్పాలని తీర్మానించి, సంచీలో కొత్త తువ్వాలు పెట్టారు.

సోమవారం రానే వచ్చింది. ఫ్యాక్టరీ మేనేజరు సుసన్నా గారు ముసునూరు మనిషి. బయోడేటా అందుకుని, చివరి పేజీ నుంచి చదవడం మొదలెట్టారు. హరిచందనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"లెక్కలు రెండుసార్లు రాశావా?"

"అవునండీ."

"ఈత వచ్చా?"

"వచ్చండీ," అంది. అంతే, ఎక్కిళ్ళు అందుకున్నాయి. గ్లాసుడు నీళ్ళు తాగి, "రాదండీ," అంది. ఎక్కిళ్ళు ఆగాయి.

"సరే. ట్రే రాగానే ముందు ఏం చూస్తావమ్మా?"

"అడుగు వరసండీ."

"మరి పై వరసో?"

"అది మా నాన్నలాంటోళ్ళు పేరుస్తారండీ. చూడక్కర్లేదు."

సుసన్నా గారు కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు.

ఇంటి ముందు షామియానా వేశారు. "నిజం చెప్పి ఉద్యోగం కొట్టిన పిల్ల మా వంశంలో ఇదే మొదలు!" అని నాన్నగారు మైకులో ప్రకటించారు. "ఇక ఫ్యాక్టరీకి వెళ్ళే మన సరుకు మన పిల్లే చూస్తుంది. మనకేంటండీ భయం!" వ్యాపారులందరూ వరసగా వచ్చి, ఆమె నిజాయితీని కొనియాడి, శాలువా కప్పే నెపంతో తమ లారీ నంబర్లు చెవిలో వేసి వెళ్ళారు.

ఉద్యోగంలో చేరిన రోజున హరిచందన తిప్పి పంపిన మొదటి లారీ నాన్నదే. కాగితం మీద సంతకం చేస్తుంటే కన్నీళ్ళొచ్చాయి. ఎక్కిళ్ళు మాత్రం రాలేదు.

పొద్దుగూకేసరికి ఊరంతా ఒకటే మాట, మనలాంటి పెద్దమనుషులంతా నిట్టూర్చి మరీ అన్న మాట:

"బంగారంలాంటి పిల్లండీ! ఉద్యోగం రాగానే ఎలా మారిపోయిందో చూశారా?"