తారు లేని తీరం

రేపు ఉదయం పది గంటల నుంచి మా తీరంలో ప్లాస్టిక్ గానీ, తారు గానీ ఉండవని మంత్రిగారు ప్రకటించారు. అంత కచ్చితంగా టైము చెప్పగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ ముక్క జనానికి తెలియాలని ఒడ్డున నలభై అడుగుల ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టారు. అందులో మంత్రిగారు గుప్పెడు ఇసుక పట్టుకుని నవ్వుతున్నారు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది మా అక్క. మేమిద్దరం ఒకే పడవ మీద బతుకుతున్నాం. సముద్రంలో కొట్టుకొచ్చిన తారు అంటుకుని మా కొత్త వల ఎందుకూ పనికిరాకుండా పోయింది. తారువల్ల పాడైందని తీరం ఆఫీసరుగారు ఒక్క ముక్క రాసిస్తే ప్రభుత్వం కొత్త వల ఇస్తుంది. అక్క నాలుగుసార్లు అర్జీ పెట్టింది. "తీరంలో తారు లేదు" అని ఆయన నాలుగుసార్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తిప్పి పంపారు.

"మరి నా వలకున్నదేంటి బాబూ?"

"అది మీ వలకుందమ్మా. తీరంలో లేదు కదా!"

ఎంత సూక్ష్మబుద్ధి! ఊరికే ఆఫీసర్లు అయిపోతారా?

మర్నాడు పదింటికి మంత్రిగారు ఫోటోల కోసం చెప్పులు విడిచి ఇసుకలోకి దిగారు. ఆయన ఏరడానికి పది ప్లాస్టిక్ సీసాలు కడిగి, తుడిచి, వరసగా పెట్టారు. ఆరు ఏరారు. ఏడోదానికి అడుగు వేయబోతే కుడికాలు రాలేదు. ఎడమకాలూ రాలేదు. ఎండకు కరిగిన తారు ముద్ద మీద నిలబడ్డారు మరి. అయినా తొణక్కుండా మైకు అందుకున్నారు.

"ఈ తీరంలో తారు లేదు! ఉందని ఎవరన్నా సరే, నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయను!"

చప్పట్లు మార్మోగాయి. మాట మీద అంతలా నిలబడ్డ నాయకుణ్ణి మళ్లీ చూడను.

ఈలోగా అలలు మోకాళ్ల దాకా వచ్చాయి. ఆఫీసరుగారు రొప్పుతూ మా పడవ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, కాస్త నూనె ఉందా?"

"దేనికీ?"

"అయ్యగారి పాదాలు... కొంచెం నిలకడగా ఉన్నాయి."

"తారు అంటుకుందని రాసివ్వండి, డబ్బా మొత్తం పట్టుకెళ్లండి."

ఆయన కాగితం తీసి "నల్లని జిగురు ఇసుక" అని రాశారు. నేను చదివి వినిపిస్తే అక్క తల అడ్డంగా ఊపింది. కొట్టేసి "ముదురు రంగు చెమ్మ" అని రాశారు. అప్పటికి నీళ్లు మంత్రిగారి నడుము దాకా వచ్చాయి. మైకు ఎప్పుడో కొట్టుకుపోయింది. అక్కది వెన్నలాంటి మనసు. "ఛీ, పాడు మనసు! ఊరుకోనివ్వదు కదా," అంటూ కాగితం వదిలేసి నూనె డబ్బాతో ఉరికింది. నూనె పోసి ఇద్దరం చెరో రెక్క పట్టి లాగితే మంత్రిగారు ఊడొచ్చారు.

ఆ సాయంత్రం గాలికి ఫ్లెక్సీ ఎగిరి సముద్రంలో పడింది. మూడోరోజు మా పాత చిరుగుల వలలో చిక్కింది. బరువు చూసి పెద్ద చేపే పడిందని మురిసిపోయాం. తీరా చూస్తే మంత్రిగారు. ముఖం నిండా తారు.

"దొరికిందిరా తమ్ముడూ సాక్ష్యం!" అంటూ అక్క దాన్ని భుజానేసుకుని ఆఫీసుకు నడిచింది.

ఆఫీసరుగారు ముందు ఫ్లెక్సీకి నమస్కారం పెట్టారు. తర్వాత ముఖం చూసి కెవ్వుమన్నారు.

"అయ్యగారి ముఖానికి తారు పూస్తారా!"

"నేను పుయ్యలేదు బాబూ, సముద్రం పూసింది."

"సముద్రం మీద కేసు పెట్టలేం కదమ్మా!"

పోలీసులొచ్చి అక్క మీద కేసు రాశారు, ఒక కాపీ మా చేతిలో పెట్టారు. నేను పైకి చదివాను. "తీరంలో విస్తారంగా దొరుకుతున్న తారును సేకరించి, మంత్రివర్యుల ముఖమునకు పూసి..."

"ఆ ముక్క మళ్లీ చదువు."

"ఏ ముక్క?"

"విస్తారంగా అన్నావే, అది."

మళ్లీ చదివాను.

"కింద ఆఫీసరు సంతకం ఉందా?"

"సాక్షి నంబర్ వన్ ఆయనే అక్కా. స్టాంపు కూడా ఉంది."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుని, కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది.

"అయితే పద. వలలిచ్చే కిటికీ ఐదింటికే మూసేస్తారు."