అక్క గుండెకి గార్డియన్ కావాలి

మనిషి గుండె మనిషిదేనన్న పాత అపోహని గడియారాల కంపెనీలు ఎట్టకేలకు తొలగించాయి. కొట్టుకోవడం వరకే గుండె పని. ఎలా కొట్టుకుందో తెలుసుకోవాలంటే అకౌంట్ ఉండాలి, పాస్‌వర్డ్ ఉండాలి, ఆ పాస్‌వర్డ్‌లో ఒక అంకె, ఒక వింత గుర్తు ఉండాలి. (గుండెకి పుట్టుకతో ఇవేవీ లేకపోవడం దాని నిర్లక్ష్యమే.)

మా అక్క సిటీ బస్సు డ్రైవరు. ఆమధ్య ఓ మిట్టమధ్యాహ్నం చివరి స్టాపులో జనమంతా దిగాక కళ్లు తిరిగి స్టీరింగ్ మీద వాలిపోయింది. బస్సుకేమీ కాలేదు. ఆ సంగతి రెండుసార్లు ఖాయం చేసుకున్నాక డిపో మేనేజరు అక్క ఎలా ఉందని కూడా అడిగాడు. గుండె బాగుందని డాక్టరు రాసిచ్చేదాకా బండి ఎక్కొద్దన్నాడు. స్టీరింగ్ లేకపోతే మా అక్కకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా ఎవరో ఓవర్‌టేక్ చేస్తున్నట్టు కుడిపక్కకి చూసేది. చూడలేకపోయాను.

డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. "ఇప్పుడు బానే ఉందమ్మా. కానీ ఆరోజు ఆ టైములో ఎలా కొట్టుకుందో తెలీకుండా నేనెలా రాసివ్వను?" అన్నాడు. సబబైన మాటే. ఆ సంగతి తెలిసిన సాక్షి ఒకటే ఉంది, అక్క మణికట్టు మీది గడియారం. గుండె చప్పుళ్లన్నీ అది లోపల దాచుకుంటుంది. చోటు చాలనప్పుడు పాతవి చెరిపేసి కొత్తవి రాసుకుంటుంది. అందుకని దాన్ని వెంటనే తీసి సొరుగులో పెట్టాం. అక్కడినుంచి కూడా అది "లేచి నాలుగడుగులు వేయండి" అని వణుకుతూ సలహాలిచ్చేది.

ఇక యాప్ తెరవడమే తరువాయి అనుకున్నాం. ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. బావ తాళాలు రిపేరు చేస్తాడు. ఊళ్లో సగం బీరువాలు తెరిచిన మనిషి కాబట్టి లోకంలో ఎవర్నీ నమ్మడు. ఎక్కడ ఏ వివరం అడిగినా అబద్ధమే రాస్తాడు. గడియారం కొన్నరోజు అకౌంట్ తెరుస్తుంటే పుట్టినతేదీ అడిగారట. "వాళ్లకెందుకు?" అని, తెరమీద ఏ తేదీ ఉంటే అదే నొక్కేశాడు. ఉన్నది ఆనాటి తేదీ. ఆ తర్వాత ఏం రాసుందో ఎవరూ చదవలేదు, అందరం చేసినట్టే 'సరే' నొక్కాం. అక్కకి గడియారంలో టైము కనిపిస్తే చాలు, యాప్ జోలికి ఎప్పుడూ పోలేదు.

ఆ విధంగా కంపెనీ లెక్కలో మా అక్క పాలుతాగే పసిగుడ్డు. పసివాళ్ల గుండె వివరాలు ఎవరికి పడితే వాళ్లకి చూపించరు. దానికి బాల హృదయ సంరక్షణ విధానమని ఒకటుంది. తేదీ మారుద్దామంటే, పిల్లలు తమ వయసు తామే పెంచుకోరాదు. కొత్త అకౌంట్ తెరుద్దామంటే, గడియారాన్ని పాత అకౌంట్ నుంచి విడదీయాలి, విడదీస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది. సహాయ కేంద్రానికి మెసేజ్ పెట్టాను.

"మీ పాపాయి ఆరోగ్యం మాకెంతో ముఖ్యం" అని జవాబొచ్చింది.

"పాపాయి కాదండీ, మా అక్క. బస్సు నడుపుతుంది."

"మీ పాపాయికి అభినందనలు! అయితే ఈ వయసులో వాహనం నడపడం సురక్షితం కాదని సూచిస్తున్నాం."

బిడ్డ తరఫున కన్నతల్లి అనుమతి ఇవ్వొచ్చని చివర్లో ఒక దారి చూపించారు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ ఎదురుగా పట్టుకున్నాం. యాప్ కుడివైపు తిరగమంది, ఎడమవైపు తిరగమంది, కళ్లు ఆర్పమంది. అన్నీ చేయించుకుని, దరఖాస్తుదారు పసిబిడ్డకి తల్లిలా కనిపించడం లేదని, అమ్మమ్మ అయితే వేరే విభాగాన్ని సంప్రదించాలని తేల్చింది.

"దీన్ని కన్నప్పుడు ఆస్పత్రిలో కూడా ఇన్ని అడగలేదురా! బిడ్డ ఏడ్చిందా లేదా చూశారంతే" అంది అమ్మ.

గత్యంతరం లేక చెడుదారి వెతికాను. కంపెనీతో పనిలేకుండా గడియారంతో నేరుగా మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎవరో రాసి ఊరికే పంచిపెడుతున్నారు. ఈ దుర్మార్గులు డబ్బడగరు, పుట్టినతేదీ అడగరు, కనీసం పేరైనా అడగరు. ఇలాంటివాళ్లని నమ్మేదెలా? బావకైతే నిద్రపట్టలేదు.

"ఏమీ అడగట్లేదంటే ఏదో ఉందిరా" అన్నాడు.

అక్క అతన్ని పక్కకి జరిపి, ఛార్జింగ్ కేబుల్‌తో గడియారాన్ని తనే ల్యాప్‌టాప్‌కి తగిలించింది. అంత పెద్ద కోట మామూలు పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంది. లోపల ఒక ఫోల్డరు, ఫోల్డర్లో తేదీలవారీగా ఫైళ్లు. దేనికీ తాళం లేదు. బావ ముఖం చిన్నబోయింది. (తాళం లేని తలుపు తాళాలవాడికి అవమానం.)

ఆరోజు ఫైలు నొక్కితే తెరమీద గీత పాకింది. అక్క దానిమీద వేలు పెట్టింది. "ఇక్కడేరా... ఇక్కడ పోతానేమో అనుకున్నా" అంది. పైకి ఎప్పుడూ అనలేదు ఆ మాట.

డాక్టరు గ్రాఫ్ అంతా చూశాడు. గుండె నిక్షేపంలా ఉంది.

"డ్యూటీలో నీళ్లు ఎన్ని తాగుతావమ్మా?"

"తాగను సార్. మా రూటులో ఆడవాళ్లకి టాయిలెట్ ఎక్కడుంది?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గుండె బాగుందని, బస్సు నడపొచ్చని, నీళ్లు తాగాలని రాసిచ్చాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. డిపో మేనేజరు డాక్టరు కాగితాన్ని, దానికి జతచేసిన గ్రాఫ్‌ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఈ గ్రాఫ్ కంపెనీ అకౌంట్‌లోంచి తీసిందేనా?"

"కేబుల్‌తో తీశాం సార్."

"అంటే గుండె అసలుదే, వచ్చింది మాత్రం దొడ్డిదారిన" అని నిట్టూర్చాడు. "వ్యక్తిగతంగా నేను మీ గుండెని నమ్ముతానమ్మా. ఆఫీసు నమ్మదు."

అయితే ఆఫీసుకి మనసు లేదనుకోకూడదు. డ్రైవరు కళ్లు తిరిగి పడిపోవడాన్ని పైవాళ్లు చాలా తీవ్రంగా తీసుకున్నారు. దాహం, టాయిలెట్ల సంగతి పరిశీలనలో పెట్టి, డ్రైవర్లందరికీ గడియారాలు కొన్నారు. ప్రతి ఒక్కరూ అధికారికంగా అకౌంట్ తెరిచి, వారంవారం గుండెని సమర్పించాలి. ఇందుకు హృదయ స్పందనల ధ్రువీకరణ విభాగం వెలిసింది. ఈ విషయంలో డిపో మొత్తానికి అనుభవం ఉన్నది మా అక్కకే కాబట్టి, సొంత కేసు తేలేవరకు ఆమెనే ఆ సీట్లో కూర్చోబెట్టారు.

సీటు మంచిదే. ఫ్యాను ఉంది, కిటికీ ఉంది, వెనక సిబ్బందికి మాత్రమే అని రాసిన టాయిలెట్ ఉంది. అక్క ఇప్పుడు హాయిగా నీళ్లు తాగుతుంది. కిటికీలోంచి బస్సులు కనిపిస్తే మాత్రం, "గేరు అలా విరగ్గొట్టకూడదురా" అని గొణుక్కుంటుంది. నాకు ఒళ్లు మండుతుంది గానీ ఎవరిమీద మండాలో తెలీదు.

మొన్న క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. కొత్తగా చేరిన డ్రైవరమ్మాయి, పెదాలు ఎండిపోయి, గడియారం చేత్తో పట్టుకుని నిలబడింది. నిన్న తనకీ కళ్లు తిరిగాయట, అకౌంట్ తెరుచుకోవట్లేదట. అక్క అటూ ఇటూ చూసి సొరుగులోంచి కేబుల్ తీసింది, తగిలించింది, గీత చదివింది.

"నీ గుండె శుభ్రంగా ఉంది చెల్లీ. నీళ్లు తాగితే సరిపోతుంది. కానీ ఇది కేబుల్‌తో తీసింది కదా, నేను సంతకం పెట్టలేను."

"తాగితే మరి ఎక్కడికెళ్లనక్కా?" అంది ఆ అమ్మాయి.

అక్క కేబుల్ చుట్టి సొరుగులో పెట్టింది.

"అది మా విభాగం చూడదమ్మా" అంది.